అయిదో రాత్రికి ఎవరి పేరు

మజిలీ అక్కకి కోపం వస్తే అరవదు. అరిస్తే బాగుండునని ఆఫీసులో అందరూ అనుకుంటారు. అరిచే మనిషైతే కాసేపటికి గొంతు ఎండి, గ్లాసుడు మంచినీళ్ళు తాగి ఊరుకుంటుంది. ఈమె అలా కాదు. టేబుల్ మీది కాగితాలు దగ్గరికి లాక్కుని అంచులు కలపడం మొదలుపెడుతుంది. అంచులు ఎంత నున్నగా కలిస్తే కోపం అంత లోతున ఉందన్నమాట. ఆ గురువారం ఆమె సర్దిన కాగితాల కట్టని చూసినవాళ్ళు కొత్త సబ్బుబిళ్ళ అనుకుని ఉంటారు.

ఆ కోపం ఎందుకో చెప్పాలంటే ముందు ఆమె పనేమిటో చెప్పాలి. టైర్ల కొట్టు మీద రెండు గదుల ట్రావెల్స్ ఆఫీసు ఉంది. కింద నుంచి రబ్బరు వాసన వస్తుంది, పైన ప్రింటరు సెగ కొడుతుంది. అక్కడి నుంచి వ్యాన్లు బయలుదేరి నాలుగు రోజులు సముద్రాన్ని ఆనుకుని వెళ్తాయి. అయిదో రోజు ఏరు సముద్రంలో కలిసే చోట ఆగి, మర్నాడు దారి మళ్ళి, కొండ ఎక్కి, నేషనల్ పార్కులో పడతాయి. మొత్తం ఎనిమిది రాత్రులు. పగలు ఏం చూడాలో ఎవరైనా చెప్తారు, గోడ మీద బొమ్మలే చెప్తాయి. రాత్రి ఎక్కడ ఆగాలో చెప్పేది మాత్రం మజిలీ అక్క. చదివింది ఏడో తరగతి. లైట్‌హౌస్ పక్క లాడ్జి చూడటానికి ముచ్చటగా ఉంటుందనీ, మంచు పట్టిన రోజున పడవల కోసం అక్కడ ఊదే బూరకి చంటిపిల్లలు నిద్రపోరనీ ఆమెకి తెలుసు. ఏ లాడ్జిలో మోకాళ్ళ నొప్పులవాళ్ళు ఎక్కలేనన్ని మెట్లున్నాయో తెలుసు. పార్కు గేటు సాయంత్రం అయిదింటికి మూస్తారు, అయిదూ రెండు నిమిషాలకి వచ్చినవాడు ఎంత గొప్పవాడైనా గేటు బయటే. అదీ తెలుసు. అందుకే జనం వచ్చి కుర్చీలో కూర్చోకముందే అడుగుతారు, అక్క రాసిందేనా అని. ప్రతి ప్రయాణం కాగితం అడుగున "రాత్రి బసలు రాసినది: మజిలీ అక్క" అని ఉంటుంది. అసలు పేరు జీతం తీసుకునే రోజున తప్ప ఆమెకే గుర్తుకు రాదు.

ఆమెకి ఒక పట్టు ఉంది. లాడ్జికి ఫోన్ చేస్తే గదుల సంగతి తర్వాత. మొదట అడిగేది డ్రైవరుకి మంచం ఎక్కడ అని. చూద్దాం అంటే ఫోన్ పెట్టేస్తుంది. చూద్దాం అనే మాట మీద ఎవరూ నడుము వాల్చలేరు కదా. ఉంది అంటే అంతటితో నమ్మదు. నిన్న ఆ మంచం మీద ఎవరు పడుకున్నారు అని రెండో ప్రశ్న వేస్తుంది. అవతలివాడు ఠక్కున చెప్తే సరే. నసిగాడంటే, ఆ మంచం మీద దుప్పట్ల మూటలు పడుకున్నట్టు లెక్క. ఎనిమిది రాత్రులకీ ఎదురుగా ఎనిమిది గళ్ళు గీసి, ప్రతి గడిలో డ్రైవరు మంచం ఏ గదిలో ఉందో రాస్తేనే కింద తన పేరు.

ఈ పట్టు ఊరికే రాలేదు. ఆమె పెనిమిటి ఇదే ఆఫీసులో వ్యాను తోలేవాడు. పదేళ్ళ కిందట ఒక రాత్రి గెస్టులందరూ పైన పరుపుల మీద పడుకుంటే, ఆయన కింద పార్కింగులో స్టీరింగు మీద తల పెట్టుకుని తెల్లార్చాడు. పొద్దున్నే కొండ దిగుతూ పదిహేడో మలుపులో ఒక్క రెప్ప వాల్చాడు. ఒక్కటే. వ్యాను వెళ్ళి రాతిగోడకి గుద్దుకుంది. గెస్టులకి గీతలతో పోయింది, ఆయనకి తుంటి విరిగింది. డ్రైవరు అజాగ్రత్త అని రాశారు కాగితంలో. ఆ కాగితం పట్టుకుని మజిలీ అక్క ఆఫీసు మెట్లెక్కి, అజాగ్రత్త ఎవరిది అని పెద్దాయనని అడిగింది. పెద్దాయన అంటే ఆఫీసు యజమాని. ఆయన జవాబుకి బదులు ఫోన్లు ఎత్తే ఉద్యోగం ఇచ్చాడు. ఉద్యోగం తీసుకుంది గానీ ప్రశ్న వాపసు తీసుకోలేదు.

ఇలా నడుస్తుండగా పెద్దాయన అల్లుడు దిగాడు. చెడ్డవాడని చెప్పలేం. మర్యాద తెలిసినవాడు, ఆమెని మేడమ్ అంటాడు. అతను మేడమ్ అన్నప్పుడల్లా ఎవరో తలుపు మొహం మీద మెల్లగా మూసినట్టుంటుంది ఆమెకి. గోడకి పెద్ద తెర పెట్టించాడు. దాని మీద దారులన్నీ నీలం గీతలు. ఆరు గంటల ఘాట్ రోడ్డుని చూపుడువేలితో అలా లాగేసేవాడు, పేనుని తీసేసినంత తేలిగ్గా.

గురువారం నాడు ఆ వేలు అయిదో రాత్రి మీద పడింది. ఏటి ఒడ్డున పాత గెస్ట్‌హౌస్‌లో ఆగడం దండగ అన్నాడు. మధ్యాహ్నం ఆగకుండా తోలితే అయిదు లోపల పార్కు గేటు దాటొచ్చు, కొండ కొమ్మున కొత్తగా కట్టిన అద్దాల లాడ్జిలో పడుకోవచ్చు, మంచం మీంచే లోయంతా కనిపిస్తుంది అన్నాడు. మర్నాడు బయలుదేరబోయే పదకొండుమంది కుటుంబంలో పెద్దకొడుకు ఆ అద్దాలు తెర మీద చూసి ముచ్చటపడ్డాడట.

"ఏటి దగ్గర ఏముంది మేడమ్? బురదా, కొంగలూను" అన్నాడు.

"మంచం ఉంది" అంది ఆమె.

అద్దాల లాడ్జిలో డ్రైవర్లకి గది లేదు. మజిలీ అక్క అంతకుముందే రెండుసార్లు ఫోన్ చేసి తిట్టి పెట్టింది. పార్కింగు అరకిలోమీటరు కింద ఉంటుంది. పార్కు రూలు ప్రకారం చీకటి పడ్డాక బండి దిగకూడదు, ఇంజను వేయకూడదు. అద్దం దించితే చలి, ఎత్తితే ఉక్కిరిబిక్కిరి. దానికితోడు బంపరు రాసుకుంటూ తిరిగే అడవిపందులు. తెల్లారి దిగాల్సింది ఇరవై ఎనిమిది మలుపులు. ఇవన్నీ ఆమె వేళ్ళు మడిచి చెప్పింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినా కనీసం వాడు బుగ్గలు చూస్తాడు. ఇతను ఫోన్ చూసుకుంటూ, డ్రైవర్లని అడిగాను మేడమ్, వాళ్ళకే ఆ లాడ్జి ఇష్టం అన్నాడు.

అప్పుడు మొదలయింది కాగితాల సర్దుడు.

ఈ ప్రయాణానికి వ్యాను తోలేది ఆమె మరిదే. పెనిమిటి తమ్ముడు. అన్న మంచాన పడ్డ ఏడాదే తమ్ముడు స్టీరింగు పట్టాడు, వద్దంటే వినలేదు. ఆమె కిందికి దిగేసరికి పెరట్లో వ్యాను కడుగుతున్నాడు.

"అడిగాడు వదినా" అన్నాడు తల ఎత్తకుండా. "బాగానే ఉంటుందన్నాను. అక్కడ డ్రైవర్లకి భోజనం వాళ్ళే పెడతారు. ఎంత తింటే అంత."

"పడుకునేది?"

"బండిలోనే. మాకేం కొత్తా?"

"మీ అన్నకీ కొత్త కాదు."

మరిది బకెట్టు ఎత్తి, కడిగిన చక్రాన్నే మళ్ళీ కడిగాడు. అల్లుడి మీద వచ్చిన కోపం ఒక ఎత్తు, ఇతని మీద వచ్చింది ఒక ఎత్తు. పదేళ్ళుగా ఎవరి నడుము కోసం తను లాడ్జివాళ్ళందరితో పోట్లాడి గయ్యాళి అనిపించుకుందో, ఆ నడుములన్నీ ఒక్క పళ్ళెం కూర దగ్గర వంగిపోయాయి. పెళ్ళికొడుకే పారిపోయాక ఇంకెవరి కోసం పందిరి? అలా ఉంది ఆమె పని.

సాయంత్రం ఇంటికి వెళ్ళి పెనిమిటి ముందు కక్కింది అంతా. తుంటి విరిగినప్పటి నుంచీ ఆయన కిటికీ దగ్గర కూర్చుని వీధిలోవాళ్ళ టేబుల్ ఫ్యాన్లు బాగుచేస్తుంటాడు. రెక్క బిగిస్తూ విన్నాడు. నీ ఎదురుగా పెట్టనా, చల్లబడతావు అన్నాడు. ఆమె నవ్వలేదు. అప్పుడు స్క్రూడ్రైవరు పక్కన పెట్టాడు.

"ఆ రోజు నాకూ పెట్టారే భోజనం. బాగుండింది కూడా" అన్నాడు. "ఆకలేస్తే అడగడం తెలుసు మాకు. నిద్రొస్తుందని అడగడం ఎవరూ నేర్పలేదు. అడిగితే నవ్వుతారు. డ్రైవరువై ఉండి నిద్రేమిటంటారు."

పదేళ్ళలో ఈ మాట ఆయన ఒక్కసారీ అనలేదు. ఆమెకి జాలి రావాల్సింది, కోపమే వచ్చింది. ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని ఆయన మీద, చెప్పుకోలేని పరువు ఒకటి నేర్పినందుకు ఆ స్టీరింగు మీద. రేపటి బండిలో అయిదో రాత్రి తన పేరు మీద అలా వెళ్ళదు, అంతే అంది. పెద్దాయనకి ఫోన్ చేసి అదే చెప్పింది. ఆయన చూడమంటాను అల్లుణ్ణి అన్నాడు.

చూశాడు. శుక్రవారం పొద్దున ఆమె వచ్చేసరికి వ్యాను టైర్ల కొట్టు ముందు నిలబడి ఉంది, సామాన్లు ఎక్కుతున్నాయి. ముందు సీటు వెనకాల వరసలో, కిటికీ పక్కన, రిటైరైన హెడ్‌మిస్ట్రెస్ గారు కూర్చుని ఉన్నారు. ఇద్దరు కొడుకులు, కోడళ్ళు, కూతురూ అల్లుడూ, నలుగురు పిల్లలు, అంతా ఆవిడ సంతానమే. అందరికీ ఒక్కో ప్రయాణం కాగితం ఇచ్చారు. ఆవిడ చేతిలోది మజిలీ అక్క కిటికీలోంచే చదివింది. అయిదో రాత్రి: అద్దాల లాడ్జి. డ్రైవరు మంచం గళ్ళు లేవు, మొత్తం వరసే తీసేశారు. అడుగున ఇదివరకటికన్నా పెద్ద అక్షరాలతో, రాత్రి బసలు రాసినది: మజిలీ అక్క.

మెట్లు ఎలా ఎక్కిందో ఆమెకి తెలీదు. అల్లుడు తెర తుడుచుకుంటున్నాడు. పెద్దాయన పేపరు చదువుతున్నాడు. నా పేరు ఎందుకు వేశారు అని అడిగింది. మీ పేరు లేకపోతే వాళ్ళు అడుగుతారు కదా మేడమ్, మీ పేరుకి అంత విలువ ఉంది, సంతోషించాలి మీరు అన్నాడు అల్లుడు. ఆ గళ్ళు గెస్టులు చూడ్డానికి బాగోవు, అందుకని తీసేశానన్నాడు. పెద్దాయన వైపు చూసింది. పేపరు మొహానికి ఇంకొంచెం దగ్గరికి వెళ్ళింది.

ఇంక అక్కడ మాటలతో పని లేదని కిందికి దిగింది. వ్యాను తలుపు దగ్గర నిలబడి, ఒక చిన్న తప్పు పడిందండీ, దిద్ది ఇస్తాను అని పదకొండు కాగితాలూ వెనక్కి తీసుకుంది. బానెట్ మీద పెట్టింది. కాగితం కాగితానికీ అడుగున ఉన్న తన పేరు కొట్టేసింది. నాలుగు సముద్రం రాత్రులకీ, మూడు అడవి రాత్రులకీ ఎదురుగా తన పేరు చేత్తో రాసింది. అయిదో రాత్రికి ఎదురుగా ఏమీ రాయలేదు. మరిది స్టీరింగు దగ్గరి నుంచి అద్దంలోంచి ఇదంతా చూస్తున్నాడు. ఒకసారి హారన్ మీద చెయ్యి పడి చప్పుడయింది, తీసేశాడు.

మొదటి కాగితం హెడ్‌మిస్ట్రెస్ గారికే ఇచ్చింది. ఆవిడ కళ్ళజోడు సరిచేసుకుని చదివి, ఇదేమిటమ్మా, ఒకటి వదిలేశావు అన్నారు.

"అది నాది కాదండీ. మిగతా ఏడూ నావి. ఏ మంచం కిర్రుమంటుందో కూడా చెప్పగలను. అయిదోది నేను రాయలేదు" అంది మజిలీ అక్క. ఎందుకు రాయలేదో నాలుగు ముక్కల్లో చెప్పింది. మీకు అక్కడ లోయ కనిపించే పరుపు ఉంటుంది, మిమ్మల్ని తెల్లారి ఆ లోయలోకి దింపాల్సిన మనిషికి పడుకునే చోటు లేదు అంది.

పెద్దకొడుకు వెనక సీట్లోంచి విసుక్కున్నాడు. అద్దాల గది చూసే మేము ఒప్పుకున్నాం, డ్రైవరు సంగతి మీరూ మీరూ ఇంట్లో చూసుకోండి అన్నాడు.

"ఇంట్లోనే చూసుకుంటున్నాను బాబూ, పదేళ్ళుగా" అంది ఆమె. గొంతు పెరగలేదు. కానీ అప్పటిదాకా చిప్స్ ప్యాకెట్టు కోసం కొట్టుకుంటున్న పిల్లలు ఆగిపోయారు. "ఇతని అన్నని ఇలాగే పడుకోబెట్టారు. తెల్లారి మలుపులో గోడకి కొట్టుకున్నాడు. ఆయన నా మొగుడు. ఆ గోడ అక్కడ లేకపోయి ఉంటే ఆ బండిలోవాళ్ళెవరూ ఇవాళ ఎవరినీ విసుక్కునేవాళ్ళు కాదు."

ఈలోగా అల్లుడు మెట్లు దిగి వచ్చాడు, నవ్వు అతికించుకుని. చిన్న కన్‌ఫ్యూజన్ అండీ అన్నాడు. హెడ్‌మిస్ట్రెస్ గారు అతన్ని నఖశిఖపర్యంతం చూశారు, ఆలస్యంగా వచ్చిన పిల్లాణ్ణి చూసినట్టు.

"అయిదో రాత్రి ఎవరు రాశారు?"

"అది మా టీమ్ అండీ."

"టీమ్ పేరేమిటి?"

మజిలీ అక్క ఆవిడ చేతిలోని కాగితం అడిగి తీసుకుంది. అయిదో రాత్రి ఎదురుగా పెన్నుతో ఒక గడి గీసింది. కాగితమూ పెన్నూ అల్లుడి చేతిలో పెట్టింది.

"డ్రైవరు మంచం అని ఈ గడిలో రాయండి. దాని పక్కన లేదు అని రాయండి. కింద మీ పేరు పెట్టండి. నేను పక్కకి తప్పుకుంటాను, బండి కదులుతుంది."

అల్లుడు పెన్ను మూత తీశాడు. కాగితాన్ని బానెట్ మీద ఆనించాడు. ఇదేం పెద్ద విషయం అన్నట్టు నవ్వాడు కూడా. డ్రైవరు మంచం అని రాశాడు. లేదు అనే మాట దగ్గర పెన్ను ఆగింది. కొండంత ధైర్యంగా వేలితో దారులు లాగిన చెయ్యి, రెండక్షరాలు రాయడానికి రాలేదు. మామయ్యగారితో ఒకసారి మాట్లాడి అన్నాడు. పై కిటికీ వైపు చూశాడు. కిటికీలో పేపరు తప్ప మనిషి కనపడలేదు.

"నలభై ఏళ్ళు పేపర్లు దిద్దాను" అన్నారు హెడ్‌మిస్ట్రెస్ గారు. "పేరు రాయని పేపరు ఎవరిదని వెతికేదాన్ని కాదు. పక్కన పెట్టేసేదాన్ని." తర్వాత స్టీరింగు వైపు వంగి మరిదిని అడిగారు, రాత్రంతా కూర్చుని నిద్రపోతే పొద్దున్న ఆ రోడ్డు మీద తోలగలవా నాయనా అని.

"తోలగలనమ్మా" అన్నాడు మరిది. అలవాటుగా వచ్చేసిన మాట. మజిలీ అక్క కళ్ళు మూసుకుంది. ఆ క్షణాన అతన్ని చెవి పట్టుకుని కిందికి లాగాలనిపించింది.

మరిది రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టాడు. వదిన వైపు చూడలేదు.

"ఎవరడిగినా తోలగలననే అంటానమ్మా. లేదంటే ఇంకోణ్ణి పిలుస్తారు. ఆ రోజు మా అన్నా అలాగే అన్నాడు."

హెడ్‌మిస్ట్రెస్ గారు చేతిసంచీ ఒళ్ళోకి తీసుకుని, అమ్మా, ఆ బురదా కొంగలూ ఉన్న చోట గదులున్నాయేమో కనుక్కో, ఉంటే వెళ్దాం, లేకపోతే దిగుతాం అన్నారు. పెద్దకొడుకు అమ్మా అన్నాడు. నువ్వు ఊరుకోరా అన్నారు ఆవిడ. యాభై దాటిన మనిషి ఊరుకున్నాడు.

కనుక్కోవడం అంత సులువు కాలేదు. గురువారమే ఆఫీసు నుంచి ఎవరో ఫోన్ చేసి ఆ గదులు వదిలేశారని గెస్ట్‌హౌస్ ఆవిడ చెప్పింది. నాలుగింటిలో రెండు వేరేవాళ్ళకి పోయాయి. మజిలీ అక్క రోడ్డు మీదే నిలబడి, ఒక చెవి వేలితో మూసుకుని, టైర్లలోకి గాలి కొడుతున్న మోతలో అరగంట బేరమాడింది. మొదట డ్రైవరు మంచం ఖాయం చేసుకుంది. నిన్న ఎవరు పడుకున్నారంటే పడవ మెకానిక్కు అని ఠక్కున చెప్పింది గెస్ట్‌హౌస్ ఆవిడ. తర్వాత రెండు గదులు, తర్వాత ఆ ఇంటివాళ్ళదే హాలు. పదకొండుమందికి అంతే. ఆడవాళ్ళు ఒక గది, పిల్లలూ హెడ్‌మిస్ట్రెస్ గారూ ఒక గది, మగవాళ్ళు హాల్లో పరుపులు. అద్దాలూ లేవు, లోయా లేదు. పెద్దకొడుకు మొహం కిటికీ వైపు తిప్పుకుని కూర్చున్నాడు. ఎనిమిది రోజులూ అలాగే కూర్చునేలా ఉన్నాడు.

పదకొండు కాగితాల్లోనూ అయిదో రాత్రి చేత్తో రాసి, పక్కన పేరు పెట్టి, ఇచ్చేసరికి గంటన్నర ఆలస్యం. వ్యాను కదలబోతుంటే మరిది తల బయటికి పెట్టి వదినా అన్నాడు. ఏదో చెప్పబోయాడు.

"ఇప్పుడు నాతో మాట్లాడకు" అంది. "తిరిగొచ్చాక తిడతాను. తొమ్మిదిన్నరకి వంతెన దాటాలి, పో."

మనసు తేలికపడి ఉంటుందని టైర్ల కొట్టువాడు అనుకున్నాడు, గ్లాసులో టీ పోసి తెచ్చాడు. ఆమె టీ తాగింది గానీ ఏమీ తేలికపడలేదు. ఒక బండి ఆపింది, సరే. ఒక ముసలావిడకి పంతులమ్మ బుద్ధి ఉంది కాబట్టి ఆగింది. ఆవిడ స్థానంలో ఆ కొడుకు కూర్చుని ఉంటే? ఆ ఆలోచనకే ఒళ్ళు మళ్ళీ మండింది. గదులు వదిలేయమని గురువారమే ఫోన్ చేశారంటే, తను కాదంటూ ఉండగానే చేశారన్నమాట. తనని ఎవరూ అడగలేదు, ఊరికే మాట్లాడనిచ్చారు.

మెట్లెక్కి వెళ్ళి ప్రింటరు పక్కన అర తెరిచింది. వచ్చే రెండు వారాల ప్రయాణాలు నాలుగు ఉన్నాయి. నాలుగూ కొత్తగా అచ్చయినవే. మంచం గళ్ళు దేనిలోనూ లేవు. అన్నిటికీ అడుగున ఆమె పేరు.

కాగితాలు పట్టుకుని అల్లుడి టేబుల్ దగ్గరికి వచ్చింది. ఈసారి అంచులు కలపలేదు, ఉన్నవి ఉన్నట్టు ముందు పడేసింది. మేడమ్, ఇవాళ్టికి చాలా అయింది, సోమవారం కూర్చుని మాట్లాడుకుందాం అన్నాడతను.

"మొదటి బండి ఆదివారం" అంది ఆమె.

కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది. పెద్దాయన పేపరు మడిచి కింద పెట్టాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. తన కుర్చీని కూడా ఆ టేబుల్ వైపు జరుపుకున్నాడు. ఎవరి పక్షాన మాట్లాడటానికో ఆయన మొహంలో ఇంకా తెలియలేదు. మజిలీ అక్క ఆయన కోసం ఆగలేదు. పై కాగితం తనవైపు తిప్పుకుని, మూడో రాత్రి మీద వేలు పెట్టి, అల్లుడి కళ్ళలోకి చూసింది.

"చెప్పండి. ఇక్కడ నా మరిది కాదు, ఇంకెవరో తోలతారు. ఆయన ఎక్కడ పడుకుంటాడు?"